దావీదు తప్పును బైబిల్ దాచలేదు, మరి మనం?

యూత్ మీటింగుల్లో ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాం. సంఘంలో పెద్దవాళ్ళు తప్పు చేస్తే "బయట అనకండి, దేవుని నామానికి అవమానం" అంటారు. అదే మన గూడెం పిల్ల ఎవరినో ప్రేమించి వెళ్ళిపోతే, పేరు పెట్టి మరీ ప్రార్థనలో చెబుతారు. ఇది బైబిల్ పద్ధతి కాదని మా అభిప్రాయం.

రెండో సమూయేలు 11వ అధ్యాయం తీసి చదవండి. దావీదు ఆ గ్రంథానికి ఎంతో ఇష్టమైన రాజు. అయినా అతను బత్షెబను పిలిపించుకున్నదీ, ఆమె గర్భవతి అని తెలిశాక భర్త ఊరియాను యుద్ధం నుంచి రప్పించి ఇంటికి పొమ్మన్నదీ, వెళ్ళకపోతే తాగించిందీ, ఏదీ దాచలేదు. తోటి సైనికులు బయట దిగి ఉంటే నేనెలా ఇంటికి పోతానన్నాడు ఊరియా. చివరికి తన చావు రాసి ఉన్న ఉత్తరాన్ని తానే యోవాబు దగ్గరకు మోసుకెళ్ళాడు. అతను హిత్తీయుడు, అంటే వేరే జాతివాడు. ఆ అధ్యాయంలో మాట మీద నిలబడ్డ మనిషి అతనే. ఆదివాసీ బిడ్డలం మనం ఇక్కడ కాసేపు ఆగాలి. (ప్రసంగాల్లో మాత్రం బత్షెబ స్నానం గురించే ఎక్కువ చెబుతారు, అదేంటో!)

"దావీదే పడిపోయాడు, మన నాయకుడు ఎంత" అని కొందరు వెనకేసుకొస్తారు. 12వ అధ్యాయం కూడా చదివితే ఆ మాట అనలేరు. నాతాను ప్రవక్త రాజు ముందుకే వెళ్ళి, పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ మనిషివి నువ్వే అన్నాడు. దావీదు ఒప్పుకున్నాడు, క్షమాపణ దొరికింది. కానీ ఇంట్లో కత్తి ఆగలేదు. అమ్నోను, అబ్షాలోముల సంగతి మనకు తెలిసిందే.

ఇంకోటి. మొదటి దినవృత్తాంతములు 20వ అధ్యాయంలో అదే రబ్బా యుద్ధం ఉంది, బత్షెబ సంగతి లేదు. అంటే ఆ సంగతి లేకుండా కూడా రాజు చరిత్ర చెప్పొచ్చు. అయినా సమూయేలు గ్రంథంలో దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. మత్తయి అయితే యేసు వంశావళిలో బత్షెబ పేరు కూడా రాయలేదు, ఊరియా భార్య అనే రాశాడు.

అందుకే మా కోరిక ఒక్కటే. వచ్చే మీటింగులో ఈ రెండు అధ్యాయాలూ పూర్తిగా చదువుదాం. ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే, నష్టపోయిన మనిషిని ముందు కూర్చోబెట్టి విందాం. పరువు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.