ఖాళీ గడి

ఇంగ్లండులో జనాభా లెక్కలు 1801లో ఆరంభమైనా, దేశమంతటా ప్రతి మనిషి పేరునూ నమోదు చేయడం 1841లో మొదలైంది. 1851 నుండి ఇంటి యజమానితో గల బంధుత్వాన్నీ, పుట్టిన ఊరినీ కూడ చేర్చారు. అంతవరకు జ్ఞానస్నానం, వివాహం, ఖననం జరిగిననాడు మాత్రమే చర్చి పుస్తకాలకెక్కిన పల్లెకూలీ, ఆలుబిడ్డలతో సహా ఒకే కప్పు కింద మనకు కనిపించేది ఈ పుటలలోనే. పేదవాని చరిత్రకు ఇంతటి ఆధారం లభించడం అరుదు. అయినా దానిని ఉన్నదున్నట్లు నమ్మరాదని నా అభిప్రాయం.

అటువంటి పుటలో సాధారణంగా మొదటి వరుస తండ్రిది. వృత్తి, వ్యవసాయ కూలీ. ఆ మాటను పొడి అక్షరాలలో రాసుకోవచ్చునని 1841లో గణకులకు అనుమతి ఇచ్చారంటే, అటువంటివారు ఎంతమందో ఊహించవచ్చు. ఎదిగిన కొడుకు పేరుకెదురుగా అదే మాట. చిన్నపిల్లల కెదురుగా 'విద్యార్థి' అని ఉంటుంది. భార్య పేరు కెదురుగా ఉన్న వృత్తి గడి మాత్రం తరచుగా ఖాళీ.

ఆమెకు పనిలేదా? నాటి నియమం ప్రకారం ఇంటిపని కాక, నియతంగా చేసే పనినే స్త్రీల వృత్తిగా రాయాలి. 'నియతంగా' అన్న ఆ ఒక్క మాటలోనే చిక్కంతా ఉన్నది. పైగా 1851 నుండి 1901 వరకు జరిగిన లెక్కలన్నీ మార్చి చివరనో, ఏప్రిల్ మొదటివారంలోనో ఒక రాత్రికి సంబంధించినవి. జూన్ నెలలో గడ్డి ఆరబోసిన చేతులు, ఆగస్టులో గోధుమ పనలు కట్టిన చేతులు ఆ రాత్రి లెక్కకు అందవు. కోతల తరువాత తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని పరిగె ఏరుకొనేవారు. (పరిగె అన్న మాటను మన పల్లెలకు వివరించనక్కరలేదు.) అది హక్కు కాదని 1788లోనే న్యాయస్థానం తీర్పు చెప్పినా, ఆచారం 19వ శతాబ్దంలోనూ సాగింది. ఆ గింజలతో ఇంటిల్లిపాదికీ కొన్ని వారాల రొట్టె గడిచేది. ఏ గడిలోనూ పరిగెకు చోటు లేదు.

బెడ్‌ఫర్డ్‌షైరు పల్లెలలో కథ వేరు. అక్కడి స్త్రీలు టోపీల కోసం గడ్డిపోచలతో జడలల్లి సంతలో అమ్మేవారు. అందుచేత కూలీ భార్యల పేర్ల కెదురుగా ఆ వృత్తి పలుచోట్ల కనిపిస్తుంది. అమ్మకానికి వచ్చిన శ్రమ కంటబడింది, కడుపు నింపిన శ్రమ కంటబడలేదు. గణకుణ్ణి నిందించడం నా ఉద్దేశం కాదు. అతడు తనకిచ్చిన నియమాన్ని పాటించాడు. ఆ ఖాళీని చూసి ఆమె ఊరకే కూర్చున్నదనుకొనే పాఠకునిదే దోషం. 1843లో వ్యవసాయంలో స్త్రీల, పిల్లల పనిపై పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో, పొలాలలో పనిచేసిన స్త్రీలు స్వయంగా చెప్పిన సాక్ష్యాలున్నాయి. ఆ సాక్ష్యాలను పక్కన పెట్టుకొనే ఈ పుటలు చదవాలి.

'విద్యార్థి' అన్న మాటనూ కొంత అనుమానించవలసిందే. 1872లో వ్యవసాయ కూలీల జాతీయ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ ఆర్చ్, తొమ్మిదేళ్ల వయసులో రోజుకు నాలుగు పెన్నీల కూలికి పన్నెండు గంటలపాటు చేలలో కాకులను తోలాడు. నిర్బంధ విద్య ఇంగ్లండుకు వచ్చింది 1880లో. అప్పటిదాకా, ఆ తరువాత కూడ కొంతకాలం, బడికీ చేనుకూ మధ్య తిరిగిన పిల్లలెందరో ఉన్నారు.

అదే బ్రిటిషు ప్రభుత్వం మద్రాసు రాజధానిలో 1871లోనూ, దేశమంతటా ఒకేసారి 1881లోనూ జనాభాను లెక్కించింది. తెలుగు జిల్లాల అంకెలు ముద్రిత సంపుటాలలో నేటికీ ఉన్నాయి. ఇంటింటా పేర్లు రాసుకొన్న పత్రాలను మాత్రం లెక్క తేలిన తరువాత భద్రపరచలేదు. గోదావరి డెల్టాలో ఆనాడు నాట్లు వేసిన కూలీతల్లి ఆ అంకెలలో ఎక్కడో ఒకటిగా కలిసి ఉన్నది. ఆమె పేరు వెదకడానికి మనకు పుట లేదు.