బుడుగుకు కొత్త చొక్కా

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో షాపులు మూసేస్తారు కాబట్టి ఫుట్‌పాత్ మొత్తం పాత పుస్తకాలదే. అక్కడ పిల్లల పుస్తకాల కుప్పను కాస్త కదిపి చూడండి. చాలావాటికి అట్ట ఉండదు. ఉన్నా మూలలు మడతపడి, వెన్ను దగ్గర బంక ఊడి, సగం చిరిగి ఉంటుంది. పెద్దల నవలలకు ఇంత దురవస్థ పట్టదు. పిల్లలు పుస్తకాన్ని చదివి ఊరుకోరు, పక్కలో పెట్టుకుని పడుకుంటారు, తమ్ముడితో లాగులాడుకుంటారు. ముందుగా పోయేది అట్టే.

గ్రంథాలయాల్లో ఇంకోలా పోతుంది. నలిగిన పుస్తకాన్ని బైండింగుకు పంపితే పాత అట్ట తీసేసి, గట్టి బోర్డు వేసి, క్యాలికో గుడ్డ అంటించి, వెన్ను మీద నంబరు చీటీ అతికిస్తారు. పుస్తకం బతుకుతుంది, ముఖచిత్రం పోతుంది, దాన్ని వేసినవారి పేరూ దాంతోపాటే పోతుంది. ఒకప్పుడు పుస్తకం దొరకడమే కష్టం. హైదరాబాద్ సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1901 సెప్టెంబరు 1న మొదలైంది. నిజాం రాజధానిలో తెలుగు పుస్తకాలన్నీ ఒకచోట దొరకడమే అప్పట్లో గొప్ప. ఇప్పుడు పుస్తకానికి కొదవ లేదు. దాన్ని పిల్లలు అందుకునేలా చేయడమే కష్టమైపోయింది. అందుకే పాత కథకు కొత్త అట్ట వేయడాన్ని ప్రెస్సుకు వెళ్లే ముందురోజు తేల్చేసే పనిగా చూడకూడదు.

అన్నిటికన్నా చిక్కు ‘బుడుగు’తోనే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి నడిపిన ‘బాల’ పత్రికలో 1945లో ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ అచ్చయింది. బాపు బొమ్మలకూ చిన్నప్పుడు చోటిచ్చింది ఆ పత్రికే. పిల్లల పత్రికలో పెరిగిన ఆ ఇద్దరూ 1956-57లో ఆంధ్ర వారపత్రికలో బుడుగు అనే అల్లరి పిల్లాణ్ణి తెలుగువాళ్ల ఇళ్లలోకి వదిలారు. మాట రమణది, గీత బాపుది. బొమ్మ తీసేసి ఆ పుస్తకాన్ని ఊహించుకోలేం. రమణ 2011లో, బాపు 2014లో వెళ్లిపోయారు. కొత్త అట్ట వేసేవారు ఇక అడిగి తెలుసుకోవడానికి ఎవరూ లేరు, బొమ్మలే ఉన్నాయి.

చొక్కా మార్చవచ్చు, పిల్లాణ్ణి మార్చకూడదు. ఈ కాలానికి తగ్గట్టు ఉండాలని బుడుగుకు జీన్స్ తొడిగి చేతిలో సెల్‌ఫోన్ పెడితే వాడు బుడుగు కాడు, ఇంకెవరో అబ్బాయి. బాపు గీతను అనుకరించి కొత్త బొమ్మ వేయడం అంతకన్నా తప్పు. ఆ గీత ఒక చోట సన్నగా మొదలై మలుపు దగ్గర లావై, మళ్లీ ఎక్కడో తేలిపోతుంది. అనుకరించేవారి చేతిలో మొదట చచ్చిపోయేది ఆ ఒడుపే. మరి చేయాల్సిందేమిటి? పుస్తకం లోపల పేరాల పక్కన చిన్నగా ఒదిగిన బొమ్మలు బోలెడున్నాయి. వాటిలో ఒకదాన్ని తీసి, పెద్దది చేసి, చుట్టూ ఖాళీ వదిలి, వెనక ఒక్క నిండు రంగు వేస్తే చాలు. అయితే పెద్దది చేసేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ప్రతి ముద్రణకూ అంతకు ముందరి ముద్రణనే స్కాన్ చేస్తూ పోతే సన్న గీత తెగుతుంది, దగ్గర దగ్గరగా ఉన్న గీతలు సిరా నిండి కలిసిపోతాయి. చిన్న బొమ్మలో దాగిన ఈ లోపం అట్ట మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దొరికినంతలో అన్నిటికన్నా పాత, శుభ్రమైన అచ్చు వెతికి పట్టుకోవాలి. ఓపికతో కూడిన పని. తాతయ్యల జ్ఞాపకాలకు మర్యాద ఇవ్వడమంటే ఇదే గానీ, పాత అట్టనే యథాతథంగా వేసుకుంటూ పోవడం కాదు. తాతయ్య ఎలాగూ కొంటాడు. ఎనిమిదేళ్ల మనవరాలు తనంతట తాను చెయ్యి చాస్తుందా అన్నదే ప్రశ్న.

జానపద కథల్లోని పరమానందయ్య శిష్యులకు, పేదరాశి పెద్దమ్మకు ఇంత కట్టుబాటు లేదు. వారికి ఫలానా రూపమే ఉండాలని ఎవరూ స్థిరపరచలేదు. ఆ స్వేచ్ఛనే మనం వృథా చేస్తున్నాం. ఇంటర్నెట్‌లో దొరికిన గాజుకళ్ల బొమ్మను దించుకుని, పేదరాశి పెద్దమ్మ పూటకూళ్లింటికి ఎక్కడిదో విదేశీ కుటీరాన్ని తగిలిస్తున్నాం. చందమామ ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య ఎన్ని పౌరాణిక, జానపద దృశ్యాలు గీసినా చీరకట్టులో, నగలో, చెట్టులో మన నేల కనబడేది. అడుగున ‘వపా’ అన్న సంతకమూ ఉండేది. ఆ పత్రిక 1947 జూలైలో మొదలైన నాటి నుంచి ఎన్నో ఇళ్లలో చదువు రాని పిల్లలు కూడా దాన్ని గుర్తుపట్టింది అందులోని బొమ్మల వల్లే.

ఇక అక్షరాలు. తెలుగు అక్షరానికి గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. రెండు వరుసల పేరుంటే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టును తాకుతుంది. చోటు చాలక కంప్యూటర్లో అక్షరాన్ని అడ్డంగా సాగదీసి, చుట్టూ అంచు కట్టి, నీడ వేసి, ఆపైన మెరుపు కూడా అద్దుతారు. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదువుతున్న పిల్లకు ఆ పేరు అడ్డుగోడ అవుతుంది. పుస్తకం పేరు పిల్ల తనంతట తాను పైకి చదవగలిగేట్టు ఉండాలి. చేత్తో రాసిన అక్షరం ఈ విషయంలో ఇప్పటికీ మేలు.

బొమ్మ వేసేవారు కథ మొత్తం చదవాలన్నది మన నమ్మకం. దానికి ఒక అందమైన మినహాయింపు ఉంది. మన పిల్లలు ‘రైలుబడి’గా చదువుకునే తొత్తోచాన్ కథ జపాన్‌లో 1981లో పుస్తకంగా వచ్చింది. అందులోని బొమ్మలు వేసిన చిహిరో ఇవాసాకి 1974లోనే కన్నుమూశారు. ఆమె కథను చూడనే లేదు. ఆమె వదిలివెళ్లిన పిల్లల బొమ్మల్లోంచి రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన పుస్తకానికి కావలసినవి ఏరుకున్నారు. తన బాల్యం ఎలా ఉందో ఆమెకు తెలుసు కాబట్టి అతికింది. కథ తెలిసినవారి చెయ్యి ఎక్కడో ఒకచోట పడాలి, గీసేటప్పుడు కాకపోతే ఎంచేటప్పుడైనా.

మన దగ్గర బొమ్మలు వేసేవారు లేరనడానికి వీల్లేదు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’, ప్రచురణ సంస్థ ‘మంచి పుస్తకం’ కలిసి తెచ్చిన బొమ్మల కథల పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. వారికి సరైన పారితోషికం, కథ చదివి ఆలోచించుకునే వ్యవధి, లోపలి పేజీలో స్పష్టంగా పేరు, ఈ మూడూ ఇవ్వాలి.

డిసెంబరు దగ్గర పడుతోందంటే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన కోసం పునర్ముద్రణల హడావుడి మొదలవుతుంది. ప్రచురణకర్తలకు ఒక విన్నపం. అట్ట నమూనాలు మూడు వేయించి, అచ్చుకు ఇచ్చే ముందు దగ్గర్లో ఏదైనా బడికి తీసుకెళ్లండి. మూడో తరగతి పిల్లల ముందు బల్ల మీద పరిచి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడండి. ఒక పూట పని. ఏది ముందు చేతికెత్తుకున్నారో అదే అచ్చుకు పంపండి.