పాత తుపాకుల సాక్ష్యము

2019 సంవత్సరమున ఆయుధ చట్టమునకు జరిగిన సవరణను బట్టి, సామాన్యముగా ఒకరి యొద్ద మూడింటికి బదులు రెండు తుపాకులు మాత్రమే యుండవచ్చును. తాతలనాటి సొత్తుగా సంక్రమించినవానికిని ఈ పరిమితియే వర్తించును. అదనపు తుపాకిని ఠాణాలోనో, అనుమతి గల వర్తకుని యొద్దనో అప్పగింపవలయును. ఆయుధముల సంఖ్యను తగ్గించుట మేము ఆక్షేపించు విషయము కాదు. కాని అట్లు ఇల్లు వెడలు తుపాకులలో ఇనుప తుక్కుగా నెంచరానివి కొన్ని యుండును. మన దాస్యచరిత్రలో వ్రాతపత్రములు దాచిన సంగతులను అవి బయటపెట్టగలవు. ఒక్క యుదాహరణము చాలును.

1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టములో మెలి తిరిగిన మూడు గాడులు గలవు. వానివలన గుండు బొంగరమువలె తిరుగుచు పోయి దూరపు గుఱిని తాకును. దాని కాగితపు తూటాకు పూసిన కొవ్వు 1857లో సిపాయిల హృదయములను మండించినదని బడిపిల్లలు సైతము ఎఱుగుదురు. తరువాతి కథ మాత్రము పెద్దలకును అంతగా తెలియదు.

తిరుగుబాటు అణగుచుండగనే, 1858లో, దొరలు మన సిపాయిలకు వేఱొక తుపాకిని నిర్ణయించిరి. చూపునకు అదియు ఎన్‌ఫీల్డే. కాని గొట్టములోని గాడులు మాయమైనవి. .577 అంగుళముల రంధ్రము .656 అంగుళములైనది. దూరమును బట్టి సవరించుకొను గుఱిపట్టీ పోయి, కదలని దొకటి వచ్చినది. గుఱి తప్పని రైఫిలు తెల్ల సోల్జరుకు, నునుపు గొట్టము నల్ల సిపాయికి! 1866లో వెనుకనుండి తూటా నింపు స్నైడరు, 1871లో మార్టినీ-హెన్రీ బ్రిటిషు సేనకు లభించినవి. ఆ సేనకు పాతబడిన పిమ్మటగాని అవి మనవారి భుజమెక్కలేదు. ప్రజలనో, 1878 ఆయుధ చట్టము నిరాయుధులను గావించినది. యూరోపియనులకు మాత్రము మినహాయింపు!

ఇరువదవ శతాబ్దమునను ఆ బుద్ధి మారలేదు. .303 లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టమును తొలిచి, .410 నునుపు మస్కెట్టుగా మార్చి, పోలీసులకును కావలివారికిని ఇచ్చిరి. అందు ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చవలెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనే ఏల ముట్టడించెను? నిరాయుధమైన మన్యమున తుపాకియు తూటాయు దొరకు చోటు ఠాణాయే గదా!

తుపాకులపై మక్కువ గల యువకులు గుండు వేగమును, గొట్టము పొడవును నోటికి వల్లింతురు. సంతోషమే. పక్కబిళ్ళపైనున్న కిరీటమును, సంవత్సరమును గూడ వారు చదువ నేర్తురుగాక. ప్రభుత్వమునకు మా విన్నపము వేఱు. అప్పగింపబడిన పాత తుపాకిని కరగించుటకు ముందు తెలిసినవారిచే పరీక్షింపజేసి, దాని ముద్రలను, రంధ్రపు కొలతను వ్రాయించి, యోగ్యమైనదానిని పేల్చుటకు వీలులేకుండ జేసి, ప్రదర్శనశాలకు పంపవలయును. పాలకులు మనలను ఎంత శంకించిరో వారి ఉపన్యాసములు చెప్పవు. వారు తొలిపించిన గొట్టములు చెప్పును. ఆ సాక్షిని కొలిమిలో వేయుట తగదు.