ఇంటి కబురు వారానికొకసారి అయినా రావాల



పోయిన నెల గోడపత్రికలో పరిశుభ్రత గురించి, అంతకు ముందు నెల చెట్ల పెంపకం గురించి చదివినాము. రెండూ బాగున్నాయి. చెట్ల గురించి రాసిన అన్న నాటిన వేపమొక్క ఎండిపోయింది, అది వేరే సంగతి. ఈసారి నేను ఇంతవరకు ఎవరూ రాయని విషయం మీద నా అభిప్రాయము రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

మన హాస్టల్లో ఏ రోజు ఏ కూర అనేది మెస్ దగ్గర బోర్డు మీద రాసి ఉండాది. గుడ్డు ఏ రోజు, చిక్కీ ఏ రోజు అనేది ఐదో తరగతి పిల్లోడిని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇంటి కబురు ఏ రోజు వస్తాది అని అడిగితే మాత్రం పదో తరగతి అన్నలు కూడా చెప్పలేరు. అది వచ్చినపుడు వస్తాది, రానపుడు లేదు. నాకు ఇది సరిగా లేదనిపిస్తాది.

నేను ఐదో తరగతి దాకా చదివింది కాథలిక్కు సిస్టర్లు నడిపే ఒక చిన్న బడిలో. కర్నూలు మేత్రాసనం కిందిది. మేత్రాసనం అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం. కర్నూలుది 1967లో, కడపది 1976లో ఏర్పడినాయంట, అంతకు ముందు నెల్లూరు కిందనే ఉండేవంట. ఇది జీకే కోసం రాసినాను. మా తాండాలో మేము సేవాలాల్ మహరాజును కొలుస్తాము. ఆ బడిలో నాలాంటి పిల్లలు సగం మందికి పైనే ఉండినారు. ఇక్కడ నేను మతం గురించి రాయడం లేదు. ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది, దాని గురించి రాస్తున్నాను.

ప్రతి శనివారం బడి విడిచేటప్పుడు ఒక్కొక్కరికి ఒక అరఠావు జిరాక్సు కాగితం ఇచ్చేవారు. దాంట్లో పైన ఆ వారం బడిలో జరిగినవి ఉండేవి. ఏ క్లాసులో ఏ పాఠమయింది, ఎవరికి జ్వరం వచ్చింది, బోరు చెడిపోయింది, సోమవారం నుంచి ఎక్కాలు అప్పజెప్పాల, ఇట్లాంటివి. కింద సగం ఖాళీ గడి. దాని మీద ‘ఇంటి కబురు’ అని ఉండేది. ఆదివారం ఇంట్లో వాళ్లను అడిగి ఆ గడిలో మేమే రాసుకొని సోమవారం తేవాల. మా యాడికి చదువు రాదు, మా నాయనకు సంతకం ఒక్కటే వచ్చు. కాబట్టి కాగితం పై సగం నేనే గట్టిగా చదివి వినిపించేవాడిని, కింది సగం వాళ్లు చెప్తుంటే నేనే రాసేవాడిని. మూడో తరగతిలో నాకు చదవడం నిజంగా వచ్చింది తెలుగు వాచకం వల్ల కాదు, ఆ కాగితం వల్లనే అని ఇప్పుడు అనుకుంటాను. మా అవ్వ గోడకు ఆనుకొని కూచోని, ‘ఇంగోసారి సదువు’ అనేది. తప్పు చదివితే ఆమెకు ఎట్ల తెలిసేదో గానీ, కనిపెట్టేది.

సోమవారం ప్రార్థన అయినాక సిస్టరు కాగితాలు తీసుకొని, చదవదగినవి చదివేవారు. ఎవరింట్లోనో గొర్రె ఈనింది. పత్తికొండ మార్కెట్లో టమోటా రేటు పడిపోయి గంపలు అక్కడే పారబోసి వచ్చినారు. తొలకరి వాన పడింది, మా చిన్నాయన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరను పోయినాడు, దొరకలేదు. (ఈ కబురు ప్రతి జూన్లో కనీసం పది కాగితాల్లో ఉండేది. దొరికినట్టు రాసిన కాగితం నేను వినలేదు. దొరికినోళ్లు చెప్పరంట.) దేవరగట్టు బన్ని ఉత్సవానికి పోయిన మామకు కర్ర తగిలి తలకు కుట్లు పడినాయి. అందరం నవ్వేవాళ్లం, మామ గల పిల్లోడు కూడా నవ్వేవాడు.

కర్నూలు జిల్లా పల్లెలో పుట్టి, 1992లో ఫాదరయి, 2008లో కర్నూలుకు బిషప్ అయిన పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయినారు. తెలుగువాళ్లలో ఆయనే మొదటి కార్డినల్. ఆ వారం సిస్టర్లకు అది ఎంత పెద్ద వార్తో మీరే అనుకోండి. కానీ ఆ వారం కాగితంలో దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో, రెండో తరగతి పాప వాళ్ల ఎనుము తప్పిపోయి మూడు రోజులకు దొరికిన సంగతి వేసినారు. నాకు అది బాగా గుర్తుండిపోయింది.

2020లో కరోనాకు బడులు మూసినపుడు కూడా ఆ కాగితం ఆగలేదు. పాలవ్యాను డ్రైవరు చేతికి ఇచ్చి పంపేవారు. కింది గడి రాసి మళ్లా ఆయన చేతికే ఇచ్చేవాళ్లం. మా తాండాలో ఆన్‌లైను క్లాసులు విన్నవాళ్లు ఎవరూ లేరు, ఫోను ఉంటే కదా.

ఇది పిల్లల ముచ్చట మాత్రమే అనుకోకండి. ఒక సోమవారం నా పక్కన కూచునే పిల్లోడి కాగితంలో ‘బుధవారం సుగ్గికి పోతాన్నాము, నన్ను గూడా తీసుకపోతారు’ అని ఉండినాది. సుగ్గి అంటే మనలో చాలామందికి చెప్పక్కరలేదు. వానలు లేక, పంట చేతికి రాక, మన పడమటి మండలాల వాళ్లు గుంటూరు వైపు మిరప కోతలకు మూటాముల్లె కట్టుకొని పోవడం. పోతే ఉగాది దాకా రారు. సిస్టరు ఆ కాగితం చూసి మంగళవారమే వాళ్ల ఇంటికి పోయినారు. వాళ్ల జేజితో మాట్లాడి పిల్లోణ్ణి ఆమె దగ్గర ఉండేటట్టు చేసినారు. వాడిప్పుడు ఎనిమిదో తరగతి చదువుతాండాడు. బుధవారం దాటి తెలిసింటే వాడు మిరపచేలో ఉండేవాడు. సుగ్గి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడతాది, మంచిదే. అయితే ఎవరు ఎప్పుడు పోతాండారో బడికి ముందే తెలిస్తేనే కదా పిల్లోణ్ణి అందులో చేర్చేది.

ఇప్పుడు మన హాస్టల్ సంగతికి వస్తాను.

గురుకులాలు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 1971లో సర్వేలులో మొదలయినాయి. మరుసటేడు మన సీమలో కొడిగెనహళ్లిలో పెట్టినారు. ఇంటి కష్టాలకు దూరంగా ఉంటే బీద పిల్లలు బాగా చదువుతారు అనేది దాని వెనుక ఆలోచన అని మా సోషల్ సారు చెప్పినారు. అది నిజమే. నేను కూడా ఇక్కడికి వచ్చినాకనే చక్కగా చదువుతున్నాను, మూడు పూటలా తింటున్నాను. కానీ కష్టానికి దూరంగా ఉంచడం వేరే, కబురుకు దూరంగా ఉంచడం వేరే. ఈ రెండూ ఒకటే అని ఎక్కడో ఎవరో అనుకున్నారనిపిస్తాది.

నా సంగతి ఒకటి రాస్తాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను. జనవరిలో మా అవ్వ చనిపోయింది. మా యాడి, నాయన అప్పుడు గుంటూరు వైపు కోతల్లో ఉండినారు, రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చినారు. నాకు పరీక్షలు జరుగుతున్నాయి. చెప్తే ఏడుస్తాడు, పరీక్షలు చెడిపోతాయి, అయినాక చెప్దామని పెద్దలు అనుకున్నారు. తొమ్మిది రోజులకు నాకు తెలిసింది. వాళ్లు నా మంచికే అట్ల చేసినారు, నాకు ఎవరి మీదా కోపం లేదు. పరీక్షల్లో నాకు లెక్కల్లో 43 మార్కులు వచ్చినాయి. ఆ 43 చూసినపుడల్లా నాకు ఏమనిపిస్తాదో రాయలేను. ఆ లెక్కలు చేస్తాన్నపుడు అవ్వ లేదు, నేను మాత్రం ఉంది అనుకుంటాన్నాను.

పెద్దలు చెప్పే మాట ఒకటుంది. ఇంటి కబుర్లు వస్తే పిల్లలకు బెంగ పెరిగి గోడ దూకి పారిపోతారు అని. సార్లు మన్నించాల, నేను దీనికి ఒప్పుకోను. దసరా తర్వాత మన డార్మిటరీ నుంచి పోయిన ఇద్దరు తమ్ముళ్లు ఎందుకు పోయినారో మనందరికీ తెలుసు. వాళ్లమ్మకు బాగలేదని ఎవరో ఊరివాడు సంతలో చెప్పినాడు, ఆ తర్వాత ఏమయిందో చెప్పేవాడు లేడు. చూడను పోయినారు. అమ్మ బాగానే ఉండినాది, జ్వరం తగ్గిపోయి పనికి గూడా పోతాండినాది. ఆ ఒక్క మాట శనివారం వచ్చింటే వాళ్లు ఆదివారం ఇక్కడే బట్టలు ఉతుక్కుంటా ఉండేవాళ్లు.

ఫోను ఉంది కదా అంటారు. నిజమే, ఆదివారం ఆఫీసు ఫోను ఇస్తారు. మనం ఇంచుమించు 400 మందిమి. మనిషికి మూడు నిమిషాలు వేసుకుంటే 1200 నిమిషాలు, అంటే 20 గంటలు. ఆదివారం పగటికి అన్ని గంటలు లేవు. అందుకే వరుసలో చివర ఉండే చిన్న తరగతుల వాళ్లకు ఎప్పుడూ అందదు. అందినా ఏమి మాట్లాడతాము? ‘తిన్నావా?’ ‘తిన్నా.’ ‘బాగుండావా?’ ‘బాగుండా.’ వెనకవాడు చొక్కా పట్టుకొని లాగుతాంటాడు. ఫోను పెట్టేసినాక చెప్పాలనుకున్నవి అన్నీ గుర్తుకొస్తాయి.

నా పక్క మంచం వాడిది కడప జిల్లా. వాళ్లమ్మ కువైటులో ఒక ఇంట్లో పని చేస్తాది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి అట్ల పోయినవాళ్లు చాలామంది. ఆమెకు సెలవు శుక్రవారం. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆమె పని ముగించుకొని రాత్రి ఏడింటికి ఫోను చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర, లైట్లు ఆర్పేసి ఉంటారు. మన ఫోను ఆదివారం, ఆదివారం ఆమెకు పనిదినం. వాడు రెండేండ్లుగా వాళ్లమ్మతో మాట్లాడింది సెలవుల్లో ఇంటికి పోయినపుడే. దీంట్లో తప్పు ఎవరిదీ కాదు, రెండు వారాలు కలవకపోవడమే. అయినా ఎవరయినా కూచోని ఆలోచించింటే ఎప్పుడో సరిచేసి ఉండొచ్చు.

నేను ఆలోచించినది ఇది. సుగ్గికి పోయే ప్రతి గుంపుకూ ఒక మేస్త్రీ ఉంటాడు. మన అమ్మానాన్నల దగ్గర స్మార్టుఫోను లేకపోయినా ఆయన దగ్గర తప్పక ఉంటాది. ఆ మేస్త్రీ నంబరు మన అడ్మిషను రిజిస్టరులో రాసుకోవాల. వారంలో ఏ రోజయినా ఆయన ఫోను నుంచి మన వాళ్లు వాట్సాపులో మాట రికార్డు చేసి హాస్టల్ నంబరుకు పంపొచ్చు. దానికి ఇద్దరూ ఒకే సమయానికి ఫోను దగ్గర ఉండే పని లేదు. కువైటు వాళ్లకూ ఇదే సరిపోతాది. శనివారం స్టడీ అవర్ అయినాక క్లాసు వారీగా వినిపిస్తే చాలు. ఫోను మా చేతికి ఇవ్వమని అడగడం లేదు, సారు చేతిలోనే ఉండనీ. ఇంట్లో చదివేవాళ్లు ఉన్న పిల్లలు పోస్టుకార్డు రాయొచ్చు, అది ఇప్పటికీ అర్ధరూపాయే. చిక్కీ కాగితం కంటే ఎక్కువ కాదు.

అన్ని కబుర్లూ అందరి ముందూ చదవకూడదు. నాయన తాగి వచ్చినది, అప్పులవాళ్లు ఇంటికొచ్చినది, అక్క పెండ్లి చెడిపోయినది, ఇవి బోర్డు మీద వేస్తే ఆ పిల్లోడు మర్నాడు తల ఎత్తలేడు. సిస్టరు అట్లాంటి కాగితాలను మడిచి విడిగా పెట్టి, మధ్యాహ్నం ఆ పిల్లోణ్ణి ఒక్కణ్ణే పిలిచి మాట్లాడేవారు. చావు కబురు కూడా అట్లే చెప్పాల. దాచిపెట్టకూడదు గానీ మైకులో చెప్పకూడదు. ఎవరో ఒక పెద్ద పక్కన కూచోని, నీళ్లు తాపి, చెప్పాల. పరీక్ష ఉన్నా సరే.

ఇంకొకటి అడుగుతారు మీరు. అసలు కబురు పంపేవాళ్లే లేని పిల్లల సంగతేమి? మనలో అట్లాంటివాళ్లు ఉన్నారు, నల్లమల చెంచు గూడేల నుంచి వచ్చిన తమ్ముళ్లలో ఇద్దరికి అమ్మానాన్నలు లేరు. దీని మీద నాకు సరైన జవాబు తట్టలేదు. మా పాత బడిలో ఒక పాపకు ఎవరూ లేకపోతే ఆమె కాగితం కింది గడి వంటామె నింపేది. ఈ వారం నీకు పప్పు ఎక్కువ వేసినా, నువ్వు మిగిలించినావు, అని రాపించేది. ఆ పాప ఆ కాగితాలన్నీ డబ్బాలో దాచుకునేది. మన వంట అన్నలు, వాచ్‌మేన్ తాత అట్ల చేస్తారేమో అడగాల.

వార్డెన్ సారు అనుమతి ఇస్తారనే నమ్మకంతో నేను 200 పేజీల నోటుబుక్కు ఒకటి తెచ్చినాను. పురికొస కట్టి ఈ గోడపత్రిక పక్కనే మేకుకు తగిలిస్తాను. రోజూ సాయంత్రం ఎవరికి వచ్చిన కబురు వాళ్లు, చెప్పదగినదయితే, తేదీ వేసి ఒక లైను రాయండి. పెన్ను ఎత్తుకపోవద్దు.

మొదటి లైను నేను రాసినాను. ‘మా యాడి, నాయన కోతలు ముగించుకొని పోయిన మంగళవారం తాండాకు వచ్చినారు. మా ఎర్రావు ఈనింది, కోడెదూడ. దానికి ఇంకా పేరు పెట్టలేదు, నన్ను పెట్టమన్నారు.’

ఇట్లు,
8వ తరగతి ‘బి’ సెక్షన్ విద్యార్థి,
రెండో డార్మిటరీ