ఆరడుగుల నేలకూ లెక్క ఉండాలి

పురపాలక శ్మశానవాటికలకు రాతపూర్వక నియమావళి కోరుతూ పట్టణ ప్రజలకు, కౌన్సిలర్లకు విజ్ఞప్తి

మన పట్టణాల్లో కుళాయి వేయించుకోవాలంటే దరఖాస్తు పెట్టాలి, ఇల్లు కట్టాలంటే ప్లాను చూపాలి, సంతలో కూరగాయల బుట్ట దించితే ఆశీలు కట్టి రసీదు తీసుకోవాలి. మనిషిని మట్టిలో పెట్టడానికి మాత్రం చాలాచోట్ల ఏ కాగితమూ లేదు. శవం వాకిట్లో ఉండగా కాటికాపరికి కబురు వెళ్తుంది. ఆయన ఖాళీ కనబడ్డచోట గొయ్యి తీస్తాడు. ఎవరు ఎక్కడ పడుకున్నారో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయన కాలం చేశాక ఆ గుర్తూ పోతుంది. ఇలా ఉండనక్కర్లేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 పనులు ఉన్నాయి. వాటిలో 14వది శ్మశానాలు, సమాధుల స్థలాలు, విద్యుత్ దహనవాటికలు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం శ్మశానాన్ని చూసుకునేవారు కూడా మరణ సమాచారాన్ని రిజిస్ట్రారుకు తెలపాలని చెబుతోంది. అంటే శ్మశానంలో పుస్తకం పెట్టమని అడగడం కొత్త కోరికేమీ కాదు. ఆ పుస్తకంతో పాటు రెండు నిబంధనలు కావాలని మేము కోరుతున్నాం. సమాధికి ఒక కొలత, ఆ స్థలానికి ఒక గడువు.

ఈ రెండూ ఎందుకో చిన్న లెక్క వేసి చూడండి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. దారులకు, చెట్లకు, నీళ్ల తొట్టికి, నలుగురు నిలబడే షెడ్డుకు సగం వదిలితే మిగిలేది 21,780. చుట్టూ ఖాళీతో కలిపి ఒక్కో గొయ్యికి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఇస్తే 680 మందికి చోటు దొరుకుతుంది. వారానికి ఇద్దరిని పూడ్చే పట్టణంలో అది ఆరున్నరేళ్లకు సరిపోతుంది. అదే ఎకరంలో ప్రతివారూ 10 అడుగులకు 6 అడుగుల దిమ్మె కట్టి, పైన గ్రానైట్ పరిచి, చుట్టూ స్టీలు గ్రిల్లు బిగిస్తే 363 మందికే చోటు. మూడున్నరేళ్లలో నేల నిండిపోతుంది, ఆపైన ఇంకో ఎకరం కొనాలి, ఆ తర్వాత మరొకటి. ఇప్పుడు గడువు సంగతి. ఒక గొయ్యిని పదిహేనేళ్ల తర్వాత మళ్లీ వాడుకోవచ్చనుకుందాం. పదిహేనేళ్లలో మనం పూడ్చేది 1,560 మందిని. వాళ్లందరికీ దారులతో సహా కావలసింది రెండెకరాల ముప్పై సెంట్లు. మరణాల సంఖ్య పెరగనంతకాలం ఆ నేలే మన పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ సరిపోతుంది. గడువు అన్నిచోట్లా ఒకటే కాకపోవచ్చు. నీరు నిలిచే నల్లరేగడిలో శరీరం మట్టిలో కలవడానికి ఎక్కువ కాలం పడుతుంది, ఇసుకపాలు ఉన్న ఎర్రనేలలో తక్కువ. ఆ సంఖ్యను నేల చూసి ఆరోగ్య విభాగం తేల్చాలి. సంఖ్యంటూ ఒకటి ఉండటమే ముఖ్యం.

సమాధిని కదిలించడం అపచారం కదా అని పెద్దలు అడుగుతారు. ఆ బాధ నిజమైనది, దాన్ని తీసిపారేయకూడదు. అయితే ఇప్పుడు జరుగుతున్నదేమిటి? నిండిపోయిన శ్మశానంలో కొత్త గొయ్యి తవ్వితే గునపానికి పాత ఎముకలు తగులుతాయి. అవి ఎవరివో తెలియదు, అడగడానికి మనిషి లేడు. మట్టితో పాటే గట్టుకు చేరతాయి. నియమం ఉంటే ఆ ఇంటివాళ్లకు ముందుగా నోటీసు వెళ్తుంది, కావాలంటే గడువు పొడిగించుకుంటారు, లేదంటే అస్థికలను మర్యాదగా తీసుకుని నదిలో కలుపుకుంటారు, లేదా ఆ ఆవరణలోనే ఉమ్మడి చోట ఉంచుతారు. పైగా సిమెంటు దిమ్మె మన పాత ఆచారమేమీ కాదు. పసిపిల్లలను పూడ్చినా, జంగాలు తమవారిని కూర్చోబెట్టి సమాధి చేసినా, సామాన్యుడి సమాధి చాలావరకు మట్టిదిబ్బే. నాలుగు వానలకు అది నేలలో కలిసిపోయేది. కబరస్తాన్‌లో సమాధిపై కట్టడాలు వద్దనే ముస్లిం పెద్దలు నేటికీ ఎందరో ఉన్నారు. జర్మనీలో సమాధి స్థలాన్ని కొన్నేళ్ల గడువుకే ఇస్తారు, అంతమాత్రాన అక్కడ చనిపోయినవారికి గౌరవం తగ్గలేదు. ఇప్పటికే కట్టిన సమాధుల జోలికి ఎవరూ వెళ్లకూడదు. తీర్మానం జరిగిన రోజు తర్వాత కట్టేవాటికే ఈ నియమం వర్తించాలి. పేరు, తేదీ చెక్కిన రెండడుగుల రాయి ఒకటి తలవైపు నిలిపితే గుర్తుకు అది చాలు.

రుసుము పెడితే పేదవాడు ఏమైపోతాడన్నది రెండో ప్రశ్న. పేదవాడు ఇవాళ ఎంత ఇస్తున్నాడో ముందు చూడాలి. గొయ్యికింత, కట్టెలకింత, డప్పుకింత అని ఏడుస్తూ బేరమాడే కుటుంబాన్ని ఏ శ్మశానం గేటు దగ్గరైనా చూడవచ్చు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసి తరతరాలుగా కన్నీళ్లు పెట్టుకున్న జాతి మనది. సొంత బిడ్డ శవానికి కాటిసుంకం కట్టలేని తల్లి కథ అది. అదే తల్లి మన ఊరి గేటు దగ్గర నిలబడితే ఆమెను బేరానికి వదిలేస్తున్నాం. తప్పు కాటికాపరిది కాదు. నెలజీతం లేని మనిషికి ఆ బేరమే బతుకు. ఆయనను జీతమిచ్చి పెట్టుకోవాలి, చేతి తొడుగులు, బూట్లు ఇవ్వాలి, ధరలు గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించాలి, తెల్లరేషన్ కార్డున్నవారికి, దిక్కులేనివారికి ఒక్క రూపాయి లేకుండా జరిపించాలి. మట్టి సమాధికి నామమాత్రపు రుసుము పెట్టి, గడువు పొడిగించుకునేవారి దగ్గర అసలు రుసుము తీసుకుంటే భారం మోయగలిగినవారిమీదే పడుతుంది. సర్కారుతుమ్మ కొట్టించడానికి, లైటు వెలిగించడానికి, ప్రహరీ బాగుచేయడానికి ఆ డబ్బే వాడాలి.

కులం మాట కూడా దాటవేయలేం. ఫలానా మూల ఫలానావారిదని అలవాటుగా గీసిన గీతలు పట్టణాల్లోనూ ఉన్నాయి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరిట శ్మశానంలోకి రానివ్వకపోవడాన్ని నేరమంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణతో దాన్ని మరింత గట్టిగా చెప్పింది. స్థలం వరుసక్రమంలో, పుస్తకంలోని నంబరు ప్రకారం ఇస్తే ఆ గీతలు కాగితం మీదికి రావు. ఏ మతంవారి కర్మకాండ వారిదే, దాంట్లో కౌన్సిల్ వేలు పెట్టకూడదు. నేల కేటాయింపు మాత్రం అందరికీ ఒకే తీరుగా జరగాలి.

ఇదంతా చేయడానికి డబ్బెక్కడిదనే అధికారులకు కొత్త శ్మశానానికి ఎకరం ధర ఎంతో, ఆ చుట్టుపక్కల కాలనీలవారు ఒప్పుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో బాగా తెలుసు. సర్వే చేయించి హద్దురాళ్లు పాతించడానికి, పటం గీయించి రిజిస్టరు తెరవడానికి అయ్యే ఖర్చు దానిముందు ఏపాటిది? హద్దురాయి లేని శ్మశానం ఏటా అడుగు చొప్పున పక్క స్థలాల్లోకి జారిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని మీ వార్డు కౌన్సిలరును అడగండి. శ్మశానవాటిక సర్వే నంబరు, విస్తీర్ణం, ఇప్పుడున్న రిజిస్టరు నకలు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద కమిషనరుకు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రిజిస్టరే లేదని జవాబు వస్తే, ఆ కాగితాన్నే జతచేసి తీర్మానం కోరండి.