పూటకూళ్ళ ఇంటికి కరోనా నేర్పిన పాఠం

ఇంటి భోజనం ఆరోగ్యానికి మేలు, హోటలు తిండి రోగాలకు మూలం అనే మాట ఆరోగ్య పత్రికల పాఠకులకు కొత్త కాదు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుని, మన ఊరి హోటళ్ళు ఏమైపోయినా మనకు పట్టదన్నట్లు కూర్చోవడం న్యాయం కాదు. కరోనా కాలం నేర్పిన పాఠాలలో మనం నిలుపుకున్నవేవి, జారవిడిచినవేవి అన్న ప్రశ్న ఇంటి వంటగదికి ఎంత వర్తిస్తుందో, బజారులోని టిఫిన్ హోటలుకూ అంతే వర్తిస్తుంది.

గణపవరం వంటి ఊరినే తీసుకుందాం. తెల్లవారకముందే చేపల చెరువుల మీదికి వెళ్ళేవారు, మిల్లు పనివారు, లారీ డ్రైవర్లు, తాడేపల్లిగూడెం, భీమవరం బస్సుల కోసం నిలబడే విద్యార్థులు – వీరందరికీ ఉదయపు ఆహారం హోటలులోని రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో. వీరికి హోటలు విలాసం కాదు, అవసరం. పూర్వం బాటసారికి పూటకూళ్ళ ఇల్లు ఎటువంటిదో, నేడు వీరికి హోటలు అటువంటిది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. పొయ్యిలు ఒక్కసారిగా ఆరిపోయాయి. హోటలు మూతపడితే నష్టం గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవానితో ఆగదు. పాలు పోసేవాడు, పిండి రుబ్బే ఆమె, గిన్నెలు కడిగే ముసలమ్మ, అరటి ఆకులు తెచ్చే రైతు, కూరగాయల బండివాడు – అందరి పూటా దానితో ముడిపడినదే. పట్టణాల హోటళ్ళు మూతపడేసరికి కొల్లేటి ప్రాంతపు చేపలకు, రొయ్యలకు గిరాకీ పడిపోయి చెరువు గట్టున రైతు దిగాలు పడ్డాడు. పెళ్ళిళ్ళ కాలమంతా ఆ వేసవిలోనే గడిచింది. యాభై మందికి మించి అతిథులు ఉండరాదన్న నిబంధనతో వంటవారికీ, షామియానాల వారికీ పని లేకుండా పోయింది.

2020 జూన్ 8 నుండి హోటళ్ళకు తిరిగి అనుమతి లభించింది. కానీ జనం లోపల కూర్చోవడానికి జంకారు. చాలా హోటళ్ళు పార్సిళ్ళతోనే నెట్టుకొచ్చాయి. చిరువ్యాపారులకు వడ్డీ లేకుండా పది వేల రూపాయల రుణమిచ్చే జగనన్న తోడు పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2020 నవంబరు 25న ప్రారంభించింది. అది కొందరికి ఆసరా అయింది. ఇంతలో 2021లో రెండవ అల వచ్చింది. మే 5 నుండి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మధ్యాహ్న భోజనం మీద బతికే మెస్సుల గతి ఏమైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో మన శాస్త్రం ఏమన్నదో చూడండి. అంటువ్యాధులు వ్యాపించే మార్గాలను సుశ్రుతాచార్యుడు నిదానస్థానం ఐదవ అధ్యాయంలో వరుసగా చెప్పాడు. ఒకరినొకరు తాకడం, ఒకరి ఊపిరి ఒకరికి సోకడం, కలిసి భుజించడం, ఒకే పడకను, ఆసనాన్ని పంచుకోవడం, ఒకరి బట్టలను, దండలను మరొకరు ధరించడం – ఇవన్నీ అందులో ఉన్నాయి. ఊపిరినీ, సహభోజనాన్నీ ఒకే వరుసలో చేర్చడం గమనింపదగినది. చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయం జనపదాలనే నాశనం చేసే వ్యాధుల గురించి చెబుతూ గాలి, నీరు, నేల, కాలం చెడడం వలన అవి పుడతాయన్నది. మొదటి పేరు గాలిదే.

ఆధునిక పరిశీలన కూడా గాలినే వేలెత్తి చూపింది. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక రెస్టారెంటులో పక్కపక్క బల్లల వద్ద భోజనం చేసిన మూడు కుటుంబాలలో పది మందికి కరోనా సోకింది. అది కిటికీలు లేని గది. ఏసీ వదిలిన గాలి అక్కడక్కడే తిరిగింది. వ్యాధి ముఖ్యంగా గాలి ద్వారా వ్యాపిస్తుందనీ, ఆహారం ద్వారా సోకుతుందనడానికి ఆధారం లేదనీ తరువాత తేలింది.

మరి మనం చేసినదేమిటి? గాలిని వదిలి గ్లాసును పట్టుకున్నాము. టీ బడ్డీల వద్ద గాజు గ్లాసులు పోయి కాగితం కప్పులు వచ్చాయి. మరిగే నీటితో కడిగిన గాజు గ్లాసుకు మించిన శుభ్రమైన పాత్ర ఏది? కాగితం కప్పు లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వంద మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని అందులో పదిహేను నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తెలిపారు. పార్సిళ్ళ అలవాటు వలన పొగలు కక్కే సాంబారును పలుచని సంచిలో పోసి ముడి వేయడం మామూలైపోయింది. ఇంట్లో రాగి చెంబులో నీరు నిలువ చేసి తాగే మనమే, ఆ సాంబారును పిల్లల కంచంలో పోస్తున్నాము. గాలి ఆడే పాత హాళ్ళను వదిలి, కిటికీలు బిగించిన ఏసీ గదులను మరిగాము. అంటే పాఠాన్ని తలక్రిందులుగా నేర్చుకున్నామన్నమాట.

ఇంటి వైద్యాన్ని నమ్మే మనం మన పొరపాట్లను కూడా ఒప్పుకోవాలి. 2020లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన ఆయుష్ క్వాథంలో తులసి నాలుగు పాళ్ళు, దాల్చినచెక్క రెండు పాళ్ళు, శొంఠి రెండు పాళ్ళు, మిరియాలు ఒక పాలు. మూడు గ్రాముల పొడిని నూట యాభై మిల్లీలీటర్ల నీటిలో కాచి, రోజుకు ఒకటి రెండుసార్లు తాగమన్నారు. మన ఇళ్ళలో కొలత మరచి, మండు వేసవిలో, పిత్త ప్రకృతి గలవారికి కూడా పూటపూటా ఘాటుగా పట్టించారు. నోటిపూత, కడుపులో మంట తెచ్చుకున్నవారు ఉన్నారు. మాత్ర తప్పితే మందు కూడా చేటే. కషాయం దేహానికి తోడు మాత్రమే. అది టీకాకు గాని, ఊపిరి అందనివారికి ఆసుపత్రి చికిత్సకు గాని బదులు కాదు. ఈ మాట ఇటువంటి పత్రికలోనే చెప్పుకోవడం మన బాధ్యత.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జరిగినది మరొక హెచ్చరిక. ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి జనం పడిపోయారు. బాధితులు ఆరు వందలు దాటారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించినట్లు ఎయిమ్స్ పరీక్షలు తెలిపాయి. పురుగుమందుల అవశేషాల మీద కూడా నిపుణుల అనుమానం పోయింది. బల్ల తుడిచి, చేతికి శానిటైజరు పోసినంత మాత్రాన ఆహారం శుద్ధమైపోదని ఆ సంఘటన తెలియజేస్తున్నది. నీరు ఎక్కడిది, కూరగాయలను ఎన్నిసార్లు కడిగారు అన్నవే అసలు ప్రశ్నలు.

కనుక హోటలును వెలివేయడం పరిష్కారం కాదు. దానిని మంచి దారిలో పెట్టడం గిరాకీదారు చేతిలో ఉన్నది. కాచి వడకట్టిన వేడినీరు అడగండి. అడిగేవారుంటే ఇచ్చేవారుంటారు. భోజనానికి అరటి ఆకు గాని, కుట్టిన విస్తరాకు గాని వేయమనండి. పార్సిలుకు ఇంటి నుండి స్టీలు క్యారేజీ తీసుకువెళ్ళండి. కిటికీలు తెరిచిన చోట, జనం పలుచగా ఉన్న వేళ కూర్చోండి. జలుబు, జ్వరం ఉన్ననాడు బయట తినకుండా ఇంటిపట్టునే ఉండండి. వంట మాస్టరుకు గాని, సర్వరుకు గాని జ్వరం వస్తే కూలి కోయకుండా సెలవిచ్చే యజమానిని మెచ్చుకోండి. పూట గడవదన్న భయంతో జ్వరాన్ని దాచుకుని వడ్డించేవాడి వలన అందరికీ ముప్పే.

ఇంకొక మాట. మాగిన నూనె పారబోసి కొత్త నూనె పోసేవాడికి, ఏ పూట పిండి ఆ పూటే రుబ్బేవాడికి ఖర్చు ఎక్కువ. ఇడ్లీ ధర మీద ఒక్క రూపాయి పెరిగితే గొణిగే మనమే, తరువాత మందుల దుకాణంలో వందలు పోస్తాము. శుద్ధిగా వండేవాడు నష్టపోయి కొట్టు కట్టేస్తే, ఆ స్థలంలో వచ్చేది శుద్ధి అక్కరలేనివాడి కొట్టే.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మరొక మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిననాడు ఇంట్లో తులసికోట ఎంత అవసరమో, వీధి చివర శుద్ధిగా వండే ఒక హోటలు బతికి ఉండడం అంత అవసరం. ఒంటరి వృద్ధుడికి, పొరుగూరి పనివాడికి ఆనాడు అన్నం పెట్టేది అదే. దానిని నిలుపుకోవడం కూడా ఆరోగ్య రక్షణలో భాగమేనని గృహస్థులు గుర్తించాలి.