మైకుంది కదా అని...

యూనివర్సిటీలో పాప్ నేర్చుకునే పిల్లలకి బ్రాడ్వే పాట నేర్పమంటే "ఇంకాస్త గట్టిగా పాడు" అనే మేష్టార్లని చూస్తే నాకు ఒళ్ళు మంట. అక్కడ వారానికి ఎనిమిది ఆటలండీ బాబూ! రోజూ అలా అరిస్తే గొంతు ఏం కావాలి?

పాప్‌లో మాట మింగేసినా వినేవాడు పాట మళ్ళీ పెట్టుకుంటాడు. స్టేజీ మీద మాట పోతే కథే పోతుంది. అందుకే ముందు ఆ పాటని రాగం లేకుండా మాటల్లా చెప్పించాలి. ఎవరితో అంటున్నాడు, ఎందుకంటున్నాడు అన్నది తేలాకే శృతి. (మన పద్యనాటకాల్లోనూ రాగం సాగదీసి భావాన్ని చంపేస్తారన్న గోల పాతదే.)

అలాగని పాప్ గొంతు పనికిరాదనే పెద్దలకీ ఓ దండం. 1996లో 'రెంట్' రాక్‌తో, 2015లో 'హామిల్టన్' ర్యాప్‌తో బ్రాడ్వే ఎక్కలేదా? ఉన్న గొంతుని ఫార్మాట్ కొట్టేసి ఒపెరా ఇన్‌స్టాల్ చేస్తామంటే ఎలా సార్?